పాత ప్రెసిడెంట్ రాజీనామా చేశారా, పంపేశారా? ఆ కమిటీలో కూర్చునే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో అసోసియేట్ ప్రొఫెసర్. ఏడేళ్ల కిందట ఒక కుంభకోణం బయటపడగానే అప్పటి ప్రెసిడెంట్ రాత్రికి రాత్రి పదవి వదిలారు. యూనివర్సిటీ ‘రాజీనామా చేశారు’ అని ప్రకటించింది. ఆయన మాత్రం తనను బలవంతంగా పంపేశారని, తన మాట ఎవరూ వినలేదని ఇప్పటికీ అంటున్నారు. ఆయనకు ఎమెరిటస్ (పదవి వదిలాక ఇచ్చే గౌరవ) హోదా ఇవ్వాలని, చిత్రపటాన్ని మిగతా ప్రెసిడెంట్ల పక్కన పెట్టాలని పూర్వ విద్యార్థుల్లో ఒక వర్గం పట్టుబడుతోంది. కొత్త బోర్డు ఒక కమిటీ వేస్తే, అధ్యాపకుల ప్రతినిధి సభ అయిన ఫ్యాకల్టీ సెనేట్ తరఫున మిమ్మల్ని పంపారు. ‘మేం ఏం తేల్చాలి, ఎక్కడ మొదలుపెట్టాలి’ అని అడిగారు.

నేను ఇలాంటి ఒక యూనివర్సిటీలో బోర్డు కార్యదర్శి ఆఫీసులో 22 ఏళ్లు పనిచేశాను. ట్రస్టీల (అంటే బోర్డు సభ్యుల) మీటింగుల నోటీసులు, మినిట్స్, తీర్మానాలు అన్నీ నా చేతుల మీదుగా వెళ్లేవి. రిటైరయ్యాక మరో రెండు చోట్ల ఇలాంటి కమిటీలకు సలహాదారుగా ఉన్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

సూటిగా జవాబు: ఆయన మంచివారా, చెడ్డవారా అని తేల్చే బరువు మీ కమిటీ నెత్తికెత్తుకోవద్దు. రెండు ఫైళ్లు తెరవండి, ఒకదాంతో ఒకటి కలపకండి. ఆ రాత్రి బోర్డు ఏం చేసింది, ఏ కారణంతో చేసింది, ఆయనకు చెప్పుకునే అవకాశం ఇచ్చిందా అన్నది మొదటి ఫైలు. కుంభకోణం గురించి ఆయనకు ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేశారు అన్నది రెండోది. రెండింటినీ విడివిడిగా రాసి, రెండింటినీ బయటపెట్టండి. చిత్రపటం, హోదా సంగతి ఆ రెండూ జనం చదివాకే ఎత్తండి.

ఎందుకు ఇంత పట్టుగా చెబుతున్నానంటే, నేను చూసిన ప్రతి గొడవలోనూ ఒక ఫైలును చూపించి రెండోదాన్ని మూసేయాలని చూసేవాళ్లే ఎక్కువ. ‘నోటీసు కూడా ఇవ్వకుండా పంపారు, కాబట్టి ఆయన తప్పేమీ లేదు’ అని ఒక వర్గం అంటుంది. ‘అంత ఘోరం జరిగితే నోటీసులేమిటి, వినడమేమిటి’ అని ఇంకో వర్గం. బోర్డు తొందరపడి అన్యాయంగా ప్రవర్తించి ఉండొచ్చు, ఆ ప్రెసిడెంట్ కూడా తన బాధ్యత వదిలేసి ఉండొచ్చు. రెండూ ఒకేసారి నిజం కావచ్చన్న మాట మీ కమిటీ మొదటి రోజే ఒప్పుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ సంగతి చూడండి. ఫుట్‌బాల్ మాజీ అసిస్టెంట్ కోచ్ జెర్రీ శాండస్కీ పిల్లలపై లైంగిక దాడుల కేసులో 2011 నవంబర్ 5న అరెస్టయ్యాడు. నాలుగు రోజులకే, నవంబర్ 9 రాత్రి, 16 ఏళ్లుగా ప్రెసిడెంట్‌గా ఉన్న గ్రాహం స్పేనియర్ పదవి పోయింది. ఆయన తప్పుకున్నారా, తప్పించారా అన్న దాని మీద ఆ రాత్రి నుంచే రెండు మాటలు వినిపించాయి. అదే రాత్రి హెడ్ కోచ్ జో పటర్నోనూ తీసేశారు. ఎలాగంటే, ఒక ఫోన్ నంబర్ రాసిన కాగితం ఆయన ఇంటికి పంపారు. ఆయన ఆ నంబరుకు ఫోన్ చేస్తే ‘మిమ్మల్ని తొలగించాం’ అన్నారు. 46 సీజన్లు హెడ్ కోచ్‌గా ఉన్న మనిషికి చెప్పిన తీరు అది. ఆ రాత్రి విద్యార్థులు వీధుల్లోకి వచ్చి ఒక టీవీ వ్యాన్‌ను తిరగేశారు. ఎందుకు తీసేశామో ట్రస్టీలు వివరంగా రాసి బయటపెట్టింది 4 నెలల తర్వాత, 2012 మార్చిలో. అప్పటికి పటర్నో చనిపోయారు.

బోర్డు తీరు బాగాలేదని ఎవరైనా ఒప్పుకుంటారు. కానీ ఆ మాటతో స్పేనియర్ మీదున్న అసలు ప్రశ్న తీరిపోలేదు. పిల్లల భద్రతను గాలికొదిలారన్న ఒక అభియోగంలో 2017 మార్చిలో జ్యూరీ ఆయన్ని దోషిగా తేల్చింది, మిగతా రెండు అభియోగాలు కొట్టేసింది. 2019లో రేపు జైలుకు వెళ్లాలనగా ఒక ఫెడరల్ జడ్జి ఆ తీర్పును పక్కన పెట్టారు. 2020 డిసెంబర్‌లో అప్పీల్ కోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. చివరికి 2021లో ఆయన దాదాపు రెండు నెలలు కౌంటీ జైల్లో ఉన్నారు. పదవి పోయిన రాత్రికీ జైలు తలుపుకీ మధ్య పదేళ్లు. ఆ పదేళ్లూ యూనివర్సిటీ ఒక్క ముక్క కూడా స్థిరంగా చెప్పలేకపోయింది. ఎందుకంటే మొదటి రాత్రి కారణాలు రాయలేదు, ఆ తర్వాత రాసిన ప్రతి మాటా కోర్టు కాగితమే అయింది.

ఆ గొడవలో ఇంకొక పాఠం ఉంది. ట్రస్టీలు మాజీ ఎఫ్‌బీఐ డైరెక్టర్ లూయీ ఫ్రీతో విచారణ చేయించారు. 2012 జులైలో ఆ నివేదిక వచ్చింది. పది రోజుల్లో పటర్నో విగ్రహం తీసేశారు. ఆ మర్నాడే కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ 6 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. అంటే, ఆ నివేదికను జీర్ణించుకోవడానికి యూనివర్సిటీ తనకు తాను రెండు వారాలు కూడా ఇచ్చుకోలేదు. తర్వాత పూర్వ విద్యార్థులు ఎన్నుకున్న కొందరు ట్రస్టీలు, ఆ నివేదిక వెనకున్న పత్రాలు చూడడానికి తమ యూనివర్సిటీ మీదే కోర్టుకెక్కాల్సి వచ్చింది. అవి చదివి వాళ్లు నివేదికను తప్పుపడుతూ రాసిన సమీక్ష 2019లో బయటికి పొక్కింది. ట్రస్టీకే పత్రాలు చూపించని చోట మామూలు ఉద్యోగికి, బాధితుడికి నమ్మకం ఎక్కడ కలుగుతుంది?

ఇక మా యూనివర్సిటీలో జరిగింది చెబుతాను. ఒక డిపార్ట్‌మెంట్ హెడ్ మీద విద్యార్థినులు ఇచ్చిన ఫిర్యాదులు మూడేళ్లు కదలలేదు. పత్రికలో వచ్చిన వారానికి ప్రెసిడెంట్ వెళ్లిపోయారు. ఆ రాత్రి మీటింగులో నేనే మినిట్స్ రాశాను. పసుపు రంగు నోట్‌ప్యాడ్‌లో 11 పేజీలు. ఎవరు ఏమన్నారో, ఎవరు వద్దన్నారో, ప్రెసిడెంట్‌ను లోపలికి ఎప్పుడు పిలిచారో అన్నీ అందులో ఉన్నాయి. అధికారిక మినిట్స్‌లోకి మాత్రం రెండు వాక్యాలే వెళ్లాయి: ‘ఎగ్జిక్యూటివ్ సెషన్‌లో సిబ్బంది విషయం చర్చించారు. తీర్మానం ఆమోదించారు.’ మినిట్స్ ఆమోదం పొందాక చేతిరాత నోట్స్ నాశనం చేయడం మా ఆఫీసు పద్ధతి. లాయర్ గుర్తుచేశారు, నేను ష్రెడ్డర్‌లో వేశాను. నిబంధన ప్రకారమే చేశాను, అయినా దానికి ఇప్పటికీ బాధపడతాను.

తొమ్మిదేళ్లకు మీలాంటి కమిటీయే వేశారు. నలుగురు ట్రస్టీలను అడిగితే నాలుగు కథలు చెప్పారు. ఐదో ఆయన అప్పటికే చనిపోయారు. ప్రెసిడెంట్ ‘నాకు 20 నిమిషాలు టైమిచ్చి సంతకం పెట్టమన్నారు’ అన్నారు. చైర్మన్ ‘ఆయనే ముందుకొచ్చి వెళ్లిపోతానన్నారు’ అన్నారు. నా జ్ఞాపకం ఇద్దరికీ పూర్తిగా సరిపోలేదు. చివరికి విషయం తేల్చింది ఒక చిన్న సంగతి. రాజీనామా లేఖ ఫైలు ఎప్పుడు తయారైందో ఐటీ వాళ్లు వెతికి తీశారు. బోర్డు లాయర్ కంప్యూటర్‌లో, ఆ సాయంత్రం 4 గంటల 15 నిమిషాలకు. మీటింగ్ మొదలైంది 7 గంటలకు. అంటే బోర్డు కూర్చునే ముందే ఆయన రాజీనామా లేఖను వేరేవాళ్లు టైప్ చేసేశారు. ఆ విషయంలో ప్రెసిడెంట్ చెప్పిందే నిజం.

అది తేలిన రోజు ఆయన మద్దతుదారులు పండగ చేసుకున్నారు. మర్నాడు అదే కమిటీ ముందుకు అప్పట్లో ఫిర్యాదు చేసిన ఒకావిడ వచ్చారు. ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లోంచి ఒకే ఒక్క కాగితం తీసి బల్ల మీద పెట్టారు. ఆమె ప్రెసిడెంట్ ఆఫీసుకు పంపిన ఈమెయిల్ ప్రింటు అది, మడతల దగ్గర చిరిగిపోతే టేపు వేసి ఉంది. ‘దీనికి జవాబు ఎవరు రాయాల్సింది?’ అని అడిగారు. కమిటీలో ఒక్కరూ మాట్లాడలేదు. ఆ మెయిల్ ఆయన ఆఫీసుకు చేరిందని, ఎవరికీ పంపలేదని, జవాబు ఇవ్వలేదని తర్వాత లాగ్‌లో తేలింది. రెండు ఫైళ్లు అని నేను పదేపదే చెప్పేది అందుకే. 4 గంటల 15 నిమిషాల లేఖ ఒక ఫైలు. ఆ టేపు వేసిన కాగితం ఇంకో ఫైలు.

కాగితాల విషయంలో. మినిట్స్ అడిగి ఊరుకోకండి, అందులో ఏమీ ఉండదు. మీటింగ్ నోటీసు ఎప్పుడు వెళ్లింది, అజెండాలో ఏముంది, ఎవరు ఫోన్‌లో హాజరయ్యారు, ప్రెస్ నోట్‌కి ఎన్ని డ్రాఫ్టులు తయారయ్యాయి అని అడగండి. ప్రెస్ నోట్ డ్రాఫ్టులు బంగారం. మొదటి డ్రాఫ్టులో ‘తొలగించాం’ అని ఉండి, ఐదో డ్రాఫ్టుకి ‘రాజీనామాను అంగీకరించాం’ అయిందంటే, మధ్యలో ఏదో బేరం జరిగినట్టు. ఆ బేరం సెపరేషన్ అగ్రిమెంట్‌లో, అంటే పదవి వదిలేటప్పుడు రాసుకునే ఒప్పందంలో కనిపిస్తుంది.

ఆ అగ్రిమెంట్ జాగ్రత్తగా చదవండి. చాలామంది ప్రెసిడెంట్లకు టెన్యూర్ (శాశ్వత నియామకం) ఉన్న ప్రొఫెసర్ పదవి కూడా ఉంటుంది. ప్రెసిడెంట్ కుర్చీ పోయినా అది పోదు. ‘తగిన కారణంతో తొలగింపు’ అంటే యూనివర్సిటీ ఆ కారణం రుజువు చేయాలి, కోర్టులో నిలబడాలి. ‘కారణం చూపకుండా’ అంటే డబ్బు కట్టి వదిలించుకోవడం. భయంతో ఉన్న బోర్డు దాదాపు ఎప్పుడూ రెండోదే ఎంచుకుంటుంది. స్పేనియర్‌కూ అలాగే చేశారు. 2011-12లో ఆయనకు అందిన మొత్తం దాదాపు 29 లక్షల డాలర్లు, ఆ ఏడాది ప్రభుత్వ యూనివర్సిటీల ప్రెసిడెంట్లందరిలోకీ ఎక్కువ. మిషిగన్ స్టేట్ మాజీ ప్రెసిడెంట్ లూ అన్నా సైమన్‌తో 2019లో కుదిరిన ఒప్పందం విలువ 24.5 లక్షల డాలర్లు. ఇలాంటి అంకెలు చూసి జనం ‘తప్పు చేసినవాళ్లకి బహుమతా’ అని మండిపడతారు. మీ నివేదికలో ఆ డబ్బు ఎందుకు ఇచ్చారో మామూలు మాటల్లో రాయండి. రాయకపోతే ఎవరికి తోచిన కారణం వాళ్లు ఊహించుకుంటారు.

అగ్రిమెంట్‌లో ‘ఒకరినొకరు నిందించుకోరాదు’ అన్న షరతు ఉందేమో చూడండి. చాలా చోట్ల ఉంటుంది. అది ఉంటే యూనివర్సిటీ లాయర్ మీ నివేదికలో ప్రతి వాక్యానికీ అడ్డం పడతారు. కంగారుపడకండి. తేదీలు, పత్రాలు, ఎవరికి ఏ మెయిల్ వెళ్లింది అన్నవి నింద కిందికి రావని మా దగ్గర బయటి లాయర్ రాసిచ్చారు. మీ అగ్రిమెంట్ భాష వేరుగా ఉండొచ్చు కాబట్టి, యూనివర్సిటీతో సంబంధంలేని లాయర్‌ను కమిటీకి ఇమ్మని మొదటి వారంలోనే అడగండి.

లాయర్ల ప్రస్తావన వచ్చింది కాబట్టి, నివేదిక రాతపూర్వకంగా ఉండాలని ముందే ఖాయం చేసుకోండి. ఇది చిన్న విషయం అనిపిస్తుంది, కాదు. లైంగిక దాడుల ఫిర్యాదులను పట్టించుకోలేదన్న వివాదంలో బేలర్ యూనివర్సిటీ 2015-16లో ఒక లా ఫర్మ్‌తో విచారణ చేయించింది. విచారణ వివరాలు బోర్డుకు నోటిమాటగా చెప్పారు, పూర్తి నివేదిక కాగితం మీదికి రానేలేదు. బయటికి వచ్చింది 13 పేజీల సారాంశం. ప్రెసిడెంట్ కెన్ స్టార్‌ను ఆ పదవి నుంచి తప్పించారు, కొద్దిరోజులకు ఆయనే చాన్సలర్ పదవీ వదిలేశారు. ఎవరు ఏం తప్పు చేశారో పేరుపేరునా రాసిన కాగితం లేకపోవడంతో ఏళ్ల తరబడి ప్రతి వర్గమూ తన కథే అసలు కథంది. దానికి భిన్నంగా స్టాన్‌ఫర్డ్‌లో ప్రెసిడెంట్ మార్క్ టెసియే-లవీన్ పరిశోధన పత్రాల మీద వివాదం వచ్చినప్పుడు, బోర్డు నియమించిన బృందం నివేదికను 2023 జులైలో అందరి ముందూ పెట్టారు. డేటాను ఆయన స్వయంగా తారుమారు చేసినట్టు తేలలేదని, కానీ పత్రాల్లో తప్పులు బయటపడ్డాక సరిదిద్దడంలో ఆయన లోపం ఉందని అందులో ఉంది. అదే రోజు ఆయన తప్పుకుంటున్నట్టు ప్రకటించారు, ప్రొఫెసర్‌గా కొనసాగారు. ఏకీభవించనివాళ్లు ఉండొచ్చు, కానీ వాదించుకోవడానికి అందరి చేతిలో ఒకే కాగితం ఉంది.

మిషిగన్ స్టేట్ మరో రకం తప్పు చేసింది. క్రీడాకారిణులపై ఏళ్ల తరబడి లైంగిక దాడులు చేసిన డాక్టర్ లారీ నాసర్‌కు 2018 జనవరి 24న 40 నుంచి 175 ఏళ్ల శిక్ష పడింది. సైమన్ ఆ రాత్రే రాజీనామా చేశారు. అదే ఏడాది 332 మంది బాధితులతో 50 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్ కుదిరింది. సైమన్ మీద పోలీసులతో అబద్ధం చెప్పారన్న కేసు పెట్టారు, 2020లో జడ్జి కొట్టేశారు. ఇంతా జరిగినా 6 వేలకు పైగా పత్రాలను లాయరు-క్లయింటు గోప్యత పేరుతో బోర్డు రాష్ట్ర అటార్నీ జనరల్‌కు ఇవ్వలేదు. ఇవ్వడానికి ఒప్పుకున్నది 2023 డిసెంబర్‌లో. తీరా చూస్తే, దర్యాప్తును మార్చేంత కొత్త విషయం వాటిలో లేదని 2024లో అటార్నీ జనరల్ ఆఫీసు తేల్చింది. ఆ దాపరికం ఎవరిని కాపాడినట్టు? బాధితులు మాత్రం అన్నేళ్లూ ‘ఇంకా ఏదో ఉంది’ అన్న అనుమానంతో బతికారు. మీ బోర్డు ‘గోప్యత’ అనగానే ఆ హక్కు యూనివర్సిటీదని, కావాలంటే యూనివర్సిటీయే వదులుకోవచ్చని గుర్తుచేయండి.

బాధితులను ముందు కలవండి. మాజీ ప్రెసిడెంట్ కంటే, ట్రస్టీల కంటే, పూర్వ విద్యార్థుల సంఘం కంటే ముందు. ఎంతమంది వస్తారు, ఏం చెబుతారు అని భయపడి దీన్ని చివరికి నెట్టేయడం నేను చూశాను. అలా నెడితే వాళ్లు వచ్చేసరికి కమిటీ ‘ఆయనకు న్యాయం జరిగిందా’ అన్న ప్రశ్నలో పూర్తిగా మునిగి ఉంటుంది. ఎవరినీ రమ్మని ఒత్తిడి చేయొద్దు, వచ్చినవాళ్లతో కథ మొదటినుంచి చెప్పించొద్దు, పేర్లు నివేదికలోకి రానివ్వొద్దు. మాట్లాడేటప్పుడు కమిటీ సభ్యులు ప్రతి మాటా తూచి మాట్లాడాలి. మిషిగన్ స్టేట్‌లో సైమన్ తర్వాత తాత్కాలిక ప్రెసిడెంట్‌గా వచ్చిన జాన్ ఎంగ్లర్, బాధితుల్లో కొందరు ఈ గుర్తింపును ఆస్వాదిస్తున్నారన్న అర్థం వచ్చే మాట ఒకటి అన్నారు. 2019 జనవరిలో ఆయన పదవీ పోయింది. ఒక తెగని గొడవను తీర్చడానికి వచ్చిన మనిషి రెండో గొడవయ్యాడు.

చిత్రపటం విషయానికొస్తాను. మీకు ఇదే పెద్ద తలనొప్పిగా కనిపిస్తోందని మీ ప్రశ్నను బట్టి తెలుస్తోంది. నేను సలహాదారుగా ఉన్న ఒక చోట, కమిటీ పని ముగియకుండానే, సెలవుల్లో ఎవరూ ఉండరని చిత్రపటాన్ని చప్పుడు కాకుండా తగిలించేశారు. క్లాసులు మొదలవగానే విద్యార్థులు చూశారు. మూడు వారాల్లో దించి బ్రౌన్ పేపర్ చుట్టి స్టోర్ రూములో పెట్టారు. గోడకు రెండు మేకులు మిగిలాయి. ఆయన భార్య ఆ మేకులను చూసి ఏడ్చారని తర్వాత తెలిసింది. పెట్టి తీయడం వల్ల ఆ కుటుంబానికి జరిగిన అవమానం, అసలు పెట్టకపోయి ఉంటే జరిగేది కాదు.

నా అభిప్రాయం అడిగితే, చిత్రపటం వేరు, ఎమెరిటస్ హోదా వేరు. ఫలానా ఏడు నుంచి ఫలానా ఏడు వరకు ఆయన ప్రెసిడెంట్ అన్నది చరిత్ర. ఆ వరసలో ఖాళీ వదిలితే చరిత్ర మారదు. కింద రెండు వాక్యాల్లో ఎలా వెళ్లారో నిజంగా రాయగలిగితే పటం పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఎమెరిటస్ మాత్రం గౌరవం. అది రెండో ఫైలులో తేలిన దాన్ని బట్టి ఉండాలి. మొదటి ఫైలులో బోర్డు తప్పు ఎంత తేలినా, దానికి పరిహారంగా ఈ హోదా ఇవ్వకూడదు. బోర్డు తన తప్పుకు క్షమాపణ చెప్పాలనుకుంటే నేరుగా ఆయనకు ఉత్తరం రాసి చెప్పొచ్చు, దాన్ని బయటపెట్టొచ్చు. మా దగ్గర చివరికి అదే చేశారు. హోదా ఇవ్వలేదు, ఉత్తరం ఇచ్చారు. ఆయనకు అది చాలలేదు. ఫిర్యాదు చేసిన వాళ్లలో ఇద్దరికి ఆ ఉత్తరం కూడా ఎక్కువే అనిపించింది. అయినా అందులో ఉన్నది అబద్ధమని ఇరుపక్షాల్లో ఎవరూ అనలేదు.

కొన్ని జాగ్రత్తలు. కోర్టు కేసు ఇంకా నడుస్తుంటే రెండో ఫైలు పని ఆపి, మొదటిదాని మీద మాత్రమే కూర్చోండి. విద్యార్థుల రికార్డులకు ఫెర్పా (విద్యార్థుల వివరాల గోప్యత) చట్టం అడ్డు ఉంటుంది, ప్రతి పత్రంలో పేర్లు కొట్టేయడానికి టైము పడుతుంది, అందుకు తగ్గట్టు గడువు అడగండి. ఆ రాత్రి ఓటేసిన ట్రస్టీ ఎవరైనా ఇప్పటికీ బోర్డులో ఉంటే ఆయనకు మీ నివేదిక ముందుగా చూపించొద్దు. మాజీ ప్రెసిడెంట్‌కు మాత్రం ఆయన గురించి రాసిన భాగం అచ్చుకు ముందు చూపించి, ఆయన జవాబును యథాతథంగా అనుబంధంలో చేర్చండి. ఆ రాత్రి ఆయనకు దక్కలేదంటున్న అవకాశం అదే కదా.

టెన్యూర్ ఉన్నా, మీరు ఇంకా అసోసియేట్ స్థాయిలోనే ఉన్నారు కాబట్టి ఒక మాట. ఫుల్ ప్రొఫెసర్ ప్రమోషన్ ఫైలు ఈ ఏడాదే పెడుతుంటే, కమిటీలో మీ పాత్ర మీద ప్రొవోస్ట్ (విద్యా వ్యవహారాల అధిపతి) దగ్గర రాతపూర్వక హామీ తీసుకోండి. ఇలాంటి కమిటీల్లో పనిచేసిన వాళ్ల మీద కోపం ఏడాది తర్వాత వేరే రూపంలో బయటపడటం చూశాను.

మొదటి మీటింగుకు ముందే, ఈ వారమే, బోర్డు ఆఫీసుకు ఒక మెయిల్ పెట్టండి. ఆ రాత్రికి సంబంధించిన నోట్స్, డ్రాఫ్టులు, మెయిళ్లు, ఫోన్ మెసేజీలు ఏవీ నాశనం చేయకుండా ఉంచమని రాయండి. కాపీ లాయర్‌కు, ఐటీ విభాగానికి, ఆర్కైవ్స్‌కు పంపండి. బోర్డు ఆఫీసులో అప్పటి క్లర్క్ ఎవరైనా ఇంకా పనిచేస్తుంటే, వాళ్లను మెయిల్‌తో సరిపెట్టకుండా స్వయంగా వెళ్లి అడగండి. వాళ్ల సొరుగులో పసుపు నోట్‌ప్యాడ్ ఉండే ఉంటుంది.